వేలికొసకు అందే పటం: మా మేకర్‌స్పేస్‌లో తయారైన ఒక ప్రాజెక్టు

మా యూనివర్సిటీ లైబ్రరీ గుమ్మం దాటి నాలుగడుగులు వేస్తే నడుమెత్తు స్టాండు మీద కాస్త వాలుగా బిగించిన పలక ఒకటి ఉంటుంది. సైజు ఏ3 కాగితమంత. దాని మీద కింది అంతస్తు మొత్తం చేతికి తగిలేలా లేచి ఉంటుంది: గోడలు, మెట్లు, లిఫ్టు, పుస్తకాలిచ్చే కౌంటరు, రీడింగ్ హాలు, టాయిలెట్లు. ఒక్కోదాని మీద బ్రెయిలీలో ఒక గుర్తు, కింది అంచున ఆ గుర్తుల పట్టిక ఉంటాయి. ముఖ్యమైన చోట్ల గుండీ నొక్కితే తెలుగులో ఒకటి రెండు వాక్యాలు వినిపిస్తాయి.

దీన్ని చేసింది ముగ్గురు బీటెక్ కుర్రాళ్లు, ఆర్కిటెక్చర్ చదివే ఒక అమ్మాయి, ఎంఏ ఎకనామిక్స్ చదివే మరో అమ్మాయి. ఎకనామిక్స్ అమ్మాయికి పుట్టుకతోనే చూపు లేదు. బ్రెయిలీ చిన్నప్పుడే నేర్చుకుంది, ఇప్పుడు చదువంతా తెర మీది రాతను చదివి వినిపించే స్క్రీన్ రీడర్ మీదే. ప్రాజెక్టు రిపోర్టు మీద ఆమె పేరు మిగతావాళ్ల పేర్ల వరుసలోనే ఉంది. పటంలో ఏ గీత ఉండాలో, ఏది పోవాలో చివరిమాట ఆమెదే. ఈ ప్రాజెక్టు నిలబడింది అందువల్లనే అని నా నమ్మకం. ఎక్కడెక్కడ అలా జరిగిందో వివరంగా రాస్తాను. ఇలాంటి పని చేయబోయే ఇంకో కాలేజీ వాళ్లకు అది పనికొస్తుంది.

నేను ఈ మేకర్‌స్పేస్ చూసుకుంటాను. విద్యార్థులు తమ ఆలోచనలను చేత్తో వస్తువులుగా చేసుకునే వర్క్‌షాపు ఇది. మా దగ్గర ప్లాస్టిక్ తీగను కరిగించి పొర మీద పొరగా వస్తువులు చేసే ఫిలమెంట్ త్రీడీ ప్రింటర్లు, ఒక 60 వాట్ల కార్బన్ డయాక్సైడ్ లేజర్ కట్టర్, కంప్యూటర్ ఆదేశాలతో చెక్కే చిన్న సీఎన్‌సీ రౌటర్, వినైల్ కట్టర్, సోల్డరింగ్ బల్లలు ఉన్నాయి. ఈ జాబితా ఎక్కడికెళ్లినా ఇంచుమించు ఇదే. అమెరికాలోని ఎంఐటీ యూనివర్సిటీలో ప్రొఫెసర్ నీల్ గెర్షెన్‌ఫెల్డ్ 1998లో మొదలుపెట్టిన కోర్సు నుంచి ఫ్యాబ్ ల్యాబ్, అంటే ఇలాంటి యంత్రాలతో ఎవరైనా వస్తువులు చేసుకునే చోటు, అనే ఆలోచన పుట్టింది. అది అమెరికా దాటి మొదట అడుగుపెట్టిన చోట్లలో 2002లో పుణె దగ్గర పాబల్ గ్రామంలోని విజ్ఞాన్ ఆశ్రమ్ ఒకటి. హైదరాబాద్ రాయదుర్గంలో 2023 మార్చి 2న మొదలైన టీ-వర్క్స్ 78,000 చదరపు అడుగుల్లో ఇదే పనిని పెద్ద ఎత్తున చేస్తోంది. పాబల్ సంగతి నేను మా పిల్లలకు తప్పకుండా చెబుతాను, ఎందుకంటే అక్కడ యంత్రాల కంటే ముందు పల్లె అవసరాలు ఉన్నాయి. యూనివర్సిటీల్లో తరచూ వరుస తలకిందులవుతుంది. యంత్రం ముందు వస్తుంది, దానికొక అవసరాన్ని వెతుకుతారు.

ఈ టీం కూడా మొదట అలాగే వచ్చింది. బీటెక్ కుర్రాళ్ల ప్రతిపాదన "స్మార్ట్ స్టిక్". తెల్లకర్రకు అల్ట్రాసోనిక్ సెన్సర్ కట్టి, అడ్డం వస్తే బజర్ మోగించడం. ఈ ప్రతిపాదన ఏటా ఎవరో ఒకరు తెస్తారు. సెన్సర్ చవక, కోడ్ ఇంటర్నెట్లో దొరుకుతుంది, డెమో రోజున చక్కగా మోగుతుంది. కానీ ఐఐటీ ఢిల్లీ వాళ్లు చూపులేని వాళ్లతో ఏళ్ల తరబడి పరీక్షలు చేసి స్మార్ట్‌కేన్‌ను 2014లోనే బయటికి తెచ్చారు. ఒక సెమిస్టర్‌లో ఆ పనినే మళ్లీ మొదటి నుంచి, అదీ అరకొరగా చేయడం ఎందుకు? అందుకే కుర్రాళ్లను, మా క్యాంపస్‌లో తెల్లకర్రతో తిరిగే వాళ్లతో ముందు మాట్లాడి రమ్మన్నాను. అలా పరిచయమైంది ఈ ఎకనామిక్స్ అమ్మాయి.

ఆమె చెప్పింది సూటిగా ఉంది. "కర్రతో నాకేం ఇబ్బంది లేదు తమ్ముడూ. ముందు ఏముందో అది చెబుతుంది. బిల్డింగ్ మొత్తం ఎట్లా ఉందో మాత్రం ఎవరూ చెప్పరు."

కొత్త భవనంలోకి వచ్చిన చూపులేని విద్యార్థి దాన్ని దారులుగా నేర్చుకుంటాడు. గుమ్మం నుంచి కౌంటరుకు ఒక దారి, కౌంటరు నుంచి రీడింగ్ హాలుకు ఇంకో దారి. ఒక్కో దారిని ఒక్కో స్నేహితుడు చూపిస్తాడు. ఆ దారులు ఒకదానితో ఒకటి ఎలా కలుస్తాయో తెలియడానికి నెలలు పడుతుంది. పరీక్షల ముందు అదనపు బల్లలు వేస్తే నేర్చుకున్న దారి చెదిరిపోతుంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం ప్రభుత్వ, ప్రభుత్వ సాయం పొందే ఉన్నత విద్యాసంస్థల్లో ఐదు శాతానికి తగ్గకుండా సీట్లు దివ్యాంగులకు కేటాయించాలి. అంటే ఏటా కొత్తవాళ్లు వస్తారు, ప్రతివారూ ఈ పాట్లన్నీ మళ్లీ మొదటినుంచి పడతారు. భవనం ఆకారం మొదటి రోజే చేతికి అందితే ఆ నెలల్లో చాలా భాగం మిగులుతుంది. ప్రాజెక్టు అక్కడ స్థిరపడింది.

అట్టముక్క, దారం, ఫెవికాల్

మా దగ్గర ఒక నియమం ఉంది. వాడబోయే మనిషి అట్టముక్కతో చేసిన నమూనాను చేత్తో పట్టుకుని చూసేదాకా యంత్రం మీద స్లాట్ ఇవ్వం. విద్యార్థులకు ఇది కష్టంగా ఉంటుంది. లేజర్ కట్టర్ కళ్లెదుటే ఉంటే అట్ట కత్తిరించడం ఎవరికి నచ్చుతుంది? అయినా ఈ నియమాన్ని సడలించను.

ఆర్కిటెక్చర్ అమ్మాయి ఇంజినీరింగ్ విభాగం నుంచి భవనం ప్లాన్ తెచ్చింది. దాన్ని ఉన్నదున్నట్టు అట్ట మీద దారంతో అతికించి ఎకనామిక్స్ అమ్మాయి చేతికిచ్చారు. రెండు చేతులతో చాలాసేపు తడిమి, "ఇందులో నాకు ఏమీ దొరకట్లేదు" అంది. ఆ ప్లాన్‌లో తప్పు లేదు. కంటికి అలవాటైన గుర్తులన్నీ అందులో ఉన్నాయి: గోడకు రెండేసి గీతలు, తలుపు తెరుచుకునే దిశ చూపే వంపుగీతలు, స్తంభాల చతురస్రాలు, కిటికీలు. కన్ను వీటన్నిటినీ ఒక్కసారిగా చూసి, అక్కర్లేనివాటిని పక్కన పెడుతుంది. వేలు అలా చేయలేదు. ఒకదాని తర్వాత ఒకటి ముట్టుకుంటూ పోవాలి, ముట్టుకున్నదాన్నల్లా మనసులో మోయాలి. పైగా వేలికొస మీద రెండు, మూడు మిల్లీమీటర్ల కంటే దగ్గరగా ఉన్న రెండు బిందువులు ఒక్కటిగానే తెలుస్తాయి. రెండు గీతల గోడ ఆమె వేలికి ఒక లావుపాటి, గజిబిజి గీతగా తగిలింది.

అక్కడినుంచి తీసివేతలు మొదలయ్యాయి. గోడ అంటే ఒకే గీత. తలుపు అంటే ఆ గీతలో ఖాళీ, వంపుగీత లేదు. కిటికీలు పోయాయి. దారికి అడ్డొచ్చే స్తంభాలే మిగిలాయి. బల్లలు, కుర్చీలు పోయాయి, కౌంటరు ఒక్కటి నిలిచింది. ఏ రెండు గీతలకైనా మధ్య కనీసం మూడు మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలన్నది మొదటి కొలతగా రాసుకున్నారు. ఆర్కిటెక్చర్ అమ్మాయికి ఇది బాధగానే ఉండింది. ఆమె నేర్చుకున్న చదువులో ప్లాన్‌లోంచి ఏదైనా తీసేయడమంటే అబద్ధం చెప్పడం లాంటిది. కానీ ఈ పటం కొలతల కోసం కాదు, నడక కోసం. వరండా వెడల్పును అసలు నిష్పత్తిలో గీస్తే వేలు పట్టదు, కాబట్టి వెడల్పు పెంచాల్సిందే. ఆ నిర్ణయం తీసుకున్నది ఆమే. తీసుకున్న రోజు నుంచి ప్రాజెక్టు వేగం పెరిగింది.

అట్ట దశలోనే ఇంకో మంచి సంగతి బయటపడింది. నడవగలిగిన చోటు, నడవకూడని చోటు వేలికి ఎలా తెలియాలి? బాణం గుర్తులు, చుక్కల గీతలు ప్రయత్నించారు. చివరికి ఎకనామిక్స్ అమ్మాయే ఒక పద్ధతి చెప్పింది. నున్నగా ఉన్నదంతా నడిచే చోటు, గరుకుగా ఉన్నదంతా వెళ్లకూడని చోటు. స్టాక్ గదుల దగ్గర ఎమరీ పేపర్ ముక్కలు అతికించి చూశారు. మారుమాట లేకుండా అర్థమైంది. లేజర్‌తో సన్నటి అడ్డుగీతలు చెక్కితే అదే గరుకుదనం వస్తుంది కాబట్టి ఆఖరి పలకలో అలాగే చేశారు.

చుక్కల దగ్గర ఆగిపోయిన నెల

అసలు కష్టం బ్రెయిలీ చుక్కల్లో వచ్చింది. ఈ భాగం కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఎందుకంటే త్రీడీ ప్రింటింగ్‌తో బ్రెయిలీ చేయాలనుకునే ప్రతి టీం ఇక్కడే తట్టుకుని పడుతుంది.

బ్రెయిలీలో ఒక్కో అక్షరానికి ఉండే గడిలో రెండు నిలువు వరుసలుగా ఆరు చుక్కలు. చుక్కకూ చుక్కకూ మధ్య సుమారు 2.5 మిల్లీమీటర్లు, గడికీ గడికీ 6, రాసిన ఒక పంక్తికీ ఇంకో పంక్తికీ 10. చుక్క ఎత్తు అర మిల్లీమీటరు, అడుగున వెడల్పు ఒకటిన్నర. ఇవి ఇష్టమొచ్చినట్టు మార్చుకునే కొలతలు కావు. ఏళ్ల అలవాటుతో వేలు ఈ కొలతలకు కుదురుకుని ఉంటుంది. "పెద్దగా చేస్తే ఇంకా సులువు కదా" అని కుర్రాళ్లు చుక్కల్ని ఒకటిన్నర రెట్లు పెంచి ఇచ్చారు. ఒక గడి మొత్తం వేలి కింద పట్టక, ఆమె అక్షరాన్ని ముక్కలు ముక్కలుగా వెతుక్కోవాల్సి వచ్చింది.

మొదటి ప్రయత్నం లేజర్. చెక్కపొట్టును ఒత్తి చేసే ఎండీఎఫ్ పలక మీద చుట్టూ ఉన్న పొరను కాల్చేసి చుక్కల్ని మిగిల్చారు. చూడటానికి బాగుంది. చదివిన వేలికి మసి అంటుకుంది, తేమ తగిలితే ఎండీఎఫ్ ఉబ్బుతుంది. యాక్రిలిక్ మీద అదే పని చేస్తే మసి లేదు గానీ చుక్క తల చదునుగా, అంచు పదునుగా వచ్చింది. బ్రెయిలీ చుక్క గుండ్రంగా ఉండాలి. పదునైన చుక్కల మీద వేలు నాలుగు పదాలు నడిచేసరికి మండుతుంది. పైగా అంత మేర కాల్చడానికి యంత్రం గంటల తరబడి నడవాలి.

తర్వాత త్రీడీ ప్రింటర్. మా నాజిల్, అంటే కరిగిన ప్లాస్టిక్ బయటికొచ్చే మూతి, 0.4 మిల్లీమీటర్లది, మామూలుగా ఒక్కో పొర 0.2. పలకను బల్ల మీద పడుకోబెట్టి ప్రింట్ చేస్తే అర మిల్లీమీటరు చుక్క రెండున్నర పొరల్లో రావాలి, అంటే రాదు. పొర 0.1కి తగ్గిస్తే ఐదు పొరలొచ్చాయి గానీ ప్రతి చుక్క తలమీద నాజిల్ లేచిపోతూ వదిలిన సన్నటి ముల్లు మిగిలింది. కంటికి కనిపించదు, వేలికి మాత్రం గుచ్చుకుంటుంది. ఇంకో లోపం కూడా ఉంది. పొరకూ పొరకూ మధ్య అతుకే ఇలాంటి ప్రింట్‌లో బలహీనమైన చోటు. పడుకోబెట్టి ప్రింట్ చేసిన చుక్క ఆ ఒక్క అతుకు మీదే నిలబడుతుంది కాబట్టి గోటితో గీరితే రాలిపోయింది.

పరిష్కారం పలకను నిలబెట్టి ప్రింట్ చేయడం. నిలువుగా నిలబెడితే చుక్క పొరల మెట్లుగా రాదు. నాజిల్ ప్రతి పొరలోనూ చుక్క వంపును తన అడ్డదారిలోనే గీస్తుంది. ప్రింటర్ ఎత్తులో కంటే అడ్డంగా కదలడంలో చాలా సున్నితం. చుక్క నున్నగా, గుండ్రంగా వచ్చింది. పొరలు చుక్కను దాటుకుని వెనక పలకలోకి సాగుతాయి కాబట్టి రాలదు. దీనికి చెల్లించే మూల్యం సమయం. సన్నటి పలక పడిపోకుండా అడుగున అంచు కట్టాలి, మెల్లగా నడపాలి. ఈ మెళకువ చాలామందికి తెలిసినదే, మా కుర్రాళ్లూ ముందే ఎక్కడో చదివారు. కానీ ముల్లు గుచ్చుకున్న వేలిని పక్కన కూర్చుని చూశాకే దాన్ని చేసి చూశారు.

ఏ3 పలక మొత్తాన్ని నిలబెట్టి ప్రింట్ చేయలేం. అందుకని పలకను రెండు రకాలుగా విడదీశారు. అడుగు పలక, గోడలు, గరుకు గదులు లేజర్‌తో కోసిన యాక్రిలిక్. బ్రెయిలీ ఉన్న చోట్ల చిన్న చిన్న గాడులు వదిలి, వాటిలో నిలువుగా ప్రింట్ చేసిన పీఈటీజీ ప్లాస్టిక్ పట్టీలు దిగ్గొట్టారు. లేజర్ కోసిన చోట సుమారు 0.2 మిల్లీమీటర్ల మేర పదార్థం ఆవిరైపోతుంది కాబట్టి డ్రాయింగులో గాడిని ఆ మేరకు చిన్నగా గీయాలి. ముందు ఒక యాక్రిలిక్ ముక్క మీద కొద్దికొద్దిగా పెరిగే గాడుల వరుస కోసి, పట్టీ ఎందులో బిగువుగా కూర్చుంటుందో చూసుకుని ఆ కొలత ఖాయం చేశారు. యంత్రం మాన్యువల్లో రాసిన అంకె కంటే ఈ పరీక్ష ముక్క నమ్మదగింది.

ఈ పట్టీల వల్ల ఇంకో లాభం కలిగింది. లైబ్రరీలో గదుల వాడకం మారుతూనే ఉంటుంది. గది పేరు మారితే పట్టీ ఒక్కటి పీకి కొత్తది పెడితే చాలు.

అక్షరాల సంగతి కూడా చెప్పాలి. మన దేశ భాషలకు వాడే భారతీ బ్రెయిలీలో తెలుగుకు ఒత్తులు, తలకట్లు ఉండవు, వరుసగా గడులే. అయితే పొల్లు గుర్తు, అంటే నాలుగో చుక్క, హల్లుకు ముందు వస్తుంది. కంప్యూటర్లో దాచే తెలుగు యూనికోడ్‌లో అది హల్లు తర్వాత ఉంటుంది. తెలుగును బ్రెయిలీలోకి మార్చడానికి కుర్రాళ్లు రాసిన స్క్రిప్టు, అంటే చిన్న ప్రోగ్రాము, యూనికోడ్ వరుసనే పట్టుకుపోవడంతో "గ్రంథాలయం" మొదటి అక్షరమే తారుమారైంది. క్ష, జ్ఞలకు బ్రెయిలీలో విడిగా గడులున్నాయి, అవీ తప్పాయి. ఇంట్లో వండిన స్క్రిప్టు పక్కన పెట్టి లిబ్‌లూయీ వాడమన్నాను. చూపులేని వాళ్లు రోజూ వాడే స్క్రీన్ రీడర్ల వెనక పనిచేస్తూ రాతను బ్రెయిలీలోకి మార్చే ఉచిత సాఫ్ట్‌వేర్ అది, తెలుగు పట్టిక అందులో ఉంది. దాని నుంచి వచ్చిన గడుల్ని, త్రీడీ ఆకారాలు గీసే సాఫ్ట్‌వేర్ ఓపెన్‌స్కాడ్ ఫైలు చుక్కలుగా మారుస్తుంది. అయినా ప్రతి పట్టీని ఎకనామిక్స్ అమ్మాయి చదివి ఒప్పుకున్నాకే పలకలో దింపారు.

చోటు కూడా సమస్యే. "గ్రంథాలయం" తొమ్మిది గడులు, 54 మిల్లీమీటర్లు. కింది అంతస్తులో ఏడెనిమిది పేర్లు పూర్తిగా రాస్తే పటానికి చోటు మిగలదు. అందుకే పటం మీద ఒకటి రెండు గడుల గుర్తులు, పూర్తి పేర్లు పట్టికలో.

మాట వినిపించడం

చూపులేని వాళ్లందరికీ బ్రెయిలీ రాదు. పెద్దయ్యాక చూపు పోయినవాళ్లలో చాలామంది నేర్చుకోలేదు. వాళ్ల కోసం మాట కావాలి. కుర్రాళ్లకు ఇది నచ్చిన పని. చిన్న కంప్యూటర్ లాంటి ఈఎస్‌పీ32 బోర్డులోనే వేలి స్పర్శను పసిగట్టే పిన్నులు ఉంటాయి. పలక కింద రాగి టేపు అతికించి, ముట్టుకుంటే చిన్న ఎంపీత్రీ మాడ్యూల్ పాడేలా చేశారు. వాళ్లు చూపుడువేలితో ఒక్కోచోట ముట్టుకుని చూసినప్పుడు చక్కగా పనిచేసింది. ఆమె రెండు అరచేతులూ పలక మీద పెట్టగానే అన్నీ ఒకదాని మీద ఒకటి మాట్లాడటం మొదలుపెట్టాయి.

కంటితో చూసేవాడికి ముట్టుకోవడమంటే ఎంచుకోవడం. చేత్తో చూసేవారికి ముట్టుకోవడమే చూడటం. సెన్సర్ సున్నితత్వం తగ్గించి, ఎక్కువసేపు ఆనించి ఉంచితేనే పలికేలా మార్చి, కొన్ని రోజులు కుస్తీ పట్టారు. చివరికి నొక్కితే లోపలికి దిగి "టిక్"మనే మామూలు స్విచ్చులకు వచ్చారు. యాక్రిలిక్‌లోనే వంగే నాలుకలా కోసి చూస్తే విరిగింది, మూడు మిల్లీమీటర్ల యాక్రిలిక్ అంత వంగదు. పీఈటీజీలో ప్రింట్ చేసిన గుండీలు నిలిచాయి. ఎంపీత్రీ మాడ్యూల్‌కు వెళ్లే డేటా తీగలో ఒక కిలో ఓమ్ రెసిస్టర్ పెడితే స్పీకర్లో గరగర తగ్గింది.

మాటలు ఎకనామిక్స్ అమ్మాయే రికార్డు చేసింది. ఏం చెప్పాలో కూడా ఆమే రాసింది. కుర్రాళ్ల ముసాయిదాలో "రీడింగ్ హాలు ఉత్తర భాగంలో ఉంది" అని ఉండేది. ఆమె దాన్ని "కౌంటరు మీ కుడిచేతికి ఉంచుకుని నేరుగా నడవండి, నేల మారినట్టు కాలికి తెలుస్తుంది, అదే రీడింగ్ హాలు" అని మార్చింది. రీడింగ్ హాలులో నేల వేరే రాయి అన్న సంగతి మాలో ఎవరమూ ఎన్నడూ గమనించలేదు. లైబ్రేరియన్ గారు శబ్దం గురించి మొదట ఆందోళన పడ్డారు. స్పీకర్‌ను చదివేవారి వైపు తిప్పి, గొంతు తగ్గించి వినిపించాక ఒప్పుకున్నారు. కరెంటు పోతే మాట ఆగుతుంది, పటం ఆగదు. ఆ వరుస అలాగే ఉండాలన్నది నా పట్టు.

చూపు కొంత మిగిలున్న విద్యార్థి ఒకరు మధ్యలో వచ్చి చూసి, మెరిసే యాక్రిలిక్ మీద ట్యూబులైటు పడి ఏమీ కనిపించట్లేదన్నాడు. ముదురు నీలం పలక మీద తెల్ల గోడలు ఉంచి, పలకను నీళ్ల ఎమరీతో రుద్ది మెరుపు చంపారు. వినైల్ కట్టర్‌తో పెద్ద తెలుగు అక్షరాలు కోసి అంటించారు.

ఎటు తిరిగి చదవాలి

పటం గోడకు తగిలించాలన్నది అందరి ఊహ. మా లైబ్రరీ గుమ్మం పడమర వైపు, లోపలికి వచ్చేవారి ముఖం తూర్పుకు. కుడి గోడకు తగిలిస్తే చదివేవారు దక్షిణానికి తిరుగుతారు. పటంలో పైన ఉత్తరం. చదివాక మళ్లీ తూర్పుకు తిరిగి నడవాలి. ఇన్ని తిరుగుళ్లు మనసులో తిప్పుకోవడం చూపున్నవాళ్లకే కష్టం. "నేను ఏ ముఖంగా లోపలికి వచ్చానో అదే ముఖంగా నిలబడి చదవాలి. నా ముందున్నది పటంలో పైన ఉండాలి" అని ఆమె పట్టుబట్టింది. అందుకే గోడ వదిలి స్టాండు, అందుకే పటంలో పైన తూర్పు. "మీరు ఇక్కడ" అనే చోట అన్నిటికంటే ఎత్తైన, గుండ్రటి బొడిపె. చేయి ముందు అక్కడ ఆనుతుంది, అక్కడినుంచి పైకి కదులుతుంది.

సరే, పటం ఉందని తెలిసేదెలా? గుమ్మం నుంచి స్టాండు దాకా గీతలున్న రబ్బరు పట్టీ నేల మీద అంటించాలి. దానికి అనుమతి రావడానికి పట్టిన కాలంలో ఇంకో పలక చేయవచ్చు. ఇలాంటి ప్రాజెక్టు తలపెట్టేవాళ్లు బిగించే చోటుకు సంబంధించిన దరఖాస్తును మొదటి వారంలోనే పెట్టుకోవాలని గట్టిగా చెబుతాను.

ఇదే పటాన్ని బయట బస్టాపు దగ్గర కూడా పెట్టాలన్న ఆలోచన ఎండాకాలంలో ఆగింది. త్రీడీ ప్రింటర్లలో మామూలుగా వాడే పీఎల్ఏ ప్లాస్టిక్ 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది, మే నెల ఎండలో ముదురు రంగు పలక ఆ వేడిని తేలిగ్గా అందుకుంటుంది. పరీక్షకు పెట్టిన ముక్క ఒంగిపోయింది. పీఈటీజీ ఒంగకపోయినా, మధ్యాహ్నం చేయి పెట్టలేనంత కాలింది. చేత్తో చదవాల్సిన వస్తువుకు అది చాలు, పనికిరాదనడానికి. నీడ ఉన్న చోటు దొరికితే చూద్దాం.

మార్కుల దగ్గర

ప్రాజెక్టు ఖర్చులో పెద్దది యాక్రిలిక్, తర్వాత ఎలక్ట్రానిక్స్. ఫిలమెంట్ ఖర్చు లెక్కలోకి రాదు. సమయం మాత్రం ఎక్కువగా యంత్రాల బయటే పోయింది: తడమడం, తీసేయడం, మళ్లీ చేయడం. కానీ మా మూల్యాంకన పత్రంలో నవ్యత, సాంకేతిక క్లిష్టత, ప్రెజెంటేషన్ అనే గడులే ఉన్నాయి. ఒక పరీక్షకుడు, స్పర్శ సెన్సర్లు వదిలేసి మామూలు స్విచ్చులు పెట్టడం వెనకడుగు కదా అని అడిగారు. మార్కులు కూడా ఆ మేరకే పడ్డాయి. నాకిది సరికాదనిపిస్తుంది. అవసరాన్ని బట్టి తేలికైన దారికి రావడానికి ఎక్కువ ఆలోచన కావాలి, దానికి విలువ కట్టాలి. వాడే మనిషిని పరీక్షకుల బల్ల దగ్గర కూర్చోబెట్టి, వస్తువు చేతికిచ్చి, ఆ మాటకు కూడా మార్కులుండాలని విభాగానికి రాసిచ్చాను. దాని మీద ఇంకా చర్చ నడుస్తోంది.

ఇప్పుడు జరుగుతున్నది

పలక బిగించిన తర్వాత ఎకనామిక్స్ అమ్మాయి ఇంకో పని పెట్టింది. డిమాండ్, సప్లై గీతలు క్లాసులో బోర్డు మీద వేస్తారు, ఆమె చేతికి ఏమీ రాదు. ఒక్క గ్రాఫుకు ఒక్కో పలక ప్రింట్ చేస్తూ పోతే అయ్యే పని కాదు. అందుకని అచ్చు ఒకటి చేసి, దాని మీద వేడిచేసిన సన్నటి ప్లాస్టిక్ షీటును పరిచి, వాక్యూమ్ క్లీనర్‌తో గాలి లాగి ప్రతులు తీస్తున్నారు. బ్రెయిలీ ముద్రణలో థర్మోఫార్మింగ్ పాత పద్ధతే, మా వాళ్లు ప్లైవుడ్ పెట్టెతో చేసుకున్నారు. పీఎల్ఏ అచ్చు మీద వేడి షీటు పడగానే చుక్కలు చదునైపోయాయి. లేజర్‌తో కోసిన ఎండీఎఫ్ అచ్చులు నిలబడుతున్నాయి, గీతల పక్కన సూది రంధ్రాలు పెడితే గాలి పోయి అంచులు స్పష్టంగా వస్తున్నాయి. డిమాండ్ గీత నున్నగా, సప్లై గీత చుక్కలుగా పెట్టారు. రెండూ కలిసే చోట ఒక గీతను కాస్త తెంచితేనే ఏది ఏదో వేలికి తెలుస్తోంది. షీటు చవక, ఎన్ని ప్రతులైనా తీయొచ్చు, నోట్సులో పెట్టుకుని హాస్టల్‌కు తీసుకెళ్లొచ్చు.

లైబ్రరీ పటం ఫైళ్లు, గాడి కొలతలు, కొన్ని ఖాళీ పట్టీలు లైబ్రేరియన్ గారి దగ్గర ఉంచాం. ఈ మధ్య ఒక గదిని పీరియాడికల్స్ నుంచి కంప్యూటర్ల గదిగా మార్చినప్పుడు కొత్త పట్టీ మేం ప్రింట్ చేసి పంపితే, పాతది తీసి ఇది పెట్టింది అక్కడి అటెండరే. పెట్టాక, సరిగ్గా ఉందో లేదో చదివి చెప్పమని ఒక విద్యార్థిని పిలిచాడట.

తర్వాతి పని మొదటి అంతస్తు. అక్కడ తేలని ప్రశ్న ఒకటుంది. మెట్లు మధ్యలో వెనక్కి తిరుగుతాయి, పైకి చేరేసరికి మనిషి ముఖం పడమరకు ఉంటుంది. పై అంతస్తు పటంలో పైన పడమర పెట్టాలా, లేక కింది పటంతో పొంతన కుదిరేలా తూర్పే ఉంచాలా? ఎకనామిక్స్ అమ్మాయి పడమర అంటోంది. ఈ ఏడాది చేరిన ఇంకో విద్యార్థి తూర్పే అంటున్నాడు. రెండు అట్ట నమూనాలూ మెట్ల పైన బల్ల మీద పెట్టాం, మిగతావాళ్లు కూడా వాడి చెప్పేదాకా యంత్రం స్లాట్ ఇవ్వలేదు.